పూల్ పాపాయి

రేవు వీధిలో పాపాయి ఇల్లెక్కడని అడిగితే ఏ పాపాయి అని ఎదురడుగుతారు. పూల్ పాపాయి అంటే మాత్రం చిన్నపిల్లలు కూడా వెంటబెట్టుకుని వెళ్లి గుమ్మం ముందు నిలబెడతారు. కొత్తవాళ్లు ఆమె పూలమ్ముకునే మనిషనుకునేవారు. ముహూర్తాల రోజుల్లో పక్క ఊళ్ల నుంచి ఎవరో ఒకరు వచ్చి, మల్లెదండలు కట్టిపెడతారా అని అడిగేవారు. "పూలు కాదు బాబూ, పూల్. ఈత కొడతారే, ఆ పూల్" అని చెప్పి పంపేది.

ఆ పూల్ మున్సిపల్ స్టేడియం పక్కన ఉండేది. డెబ్భైల్లో కట్టారు. నీలం రంగు పలకలు, లోతు వైపు దూకడానికి సిమెంటు దిమ్మ, చుట్టూ మనిషెత్తు ప్రహరీ. చాలా ఏళ్లు అందులో మగవాళ్లే ఈదారు. తొంభై ప్రాంతాల్లో ఊరికి బదిలీ మీద వచ్చిన ఒక ఆఫీసరు గారి భార్య పట్టుబట్టి సాయంత్రం పూట ఒక గంట ఆడవాళ్లకి ఇప్పించింది. గంట అయితే ఇచ్చారు గానీ, గట్టు మీద నిలబడి కాపలా కాయడానికీ నేర్పడానికీ ఆడమనిషి దొరకలేదు. రాజమండ్రిలో అడిగి చూశారు, కాకినాడలో అడిగి చూశారు. రోజూ బస్సెక్కి ఇంత దూరం వచ్చేవాళ్లు లేరు. చివరికి ఆఫీసు బంట్రోతు ఒకాయన, "రేవు వీధిలో చూడండి సార్, అక్కడ ఈత రానివాళ్లుండరు" అన్నాడు.

అలా పాపాయి వచ్చింది. అప్పటికి ఆమెకి ముప్పై అయిదు దాటి ఉంటాయి. గోదావరిలో చేపలు పట్టే కుటుంబం. నడకా ఈతా ఒకే ఏడు వచ్చాయని తల్లి చెప్పేది. భర్త సత్తియ్య వల మానేసి ఇసుక పడవల్లో పనికి వెళ్లేవాడు. ఆమె గంప నెత్తిన పెట్టుకుని మార్కెట్లో చేపలమ్మేది. పూల్ చూడ్డానికి వచ్చిన రోజు కూడా గంప గేటు దగ్గర దించి, చీర గోచీ పోసి కట్టి, లోతు వైపు నుంచి దిగింది. ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లి తేలి, ముక్కు చీదుకుని, గట్టు మీదున్నవాళ్లని అడిగింది.

"ఇదేం నీళ్లండీ? ఎటూ పోవట్లేదు!"

గోదావరిలో సగం పని ఏరు చేస్తుంది. ఎక్కడ దాని వాటానికి ఒదగాలో, ఎక్కడ అడ్డం కొట్టాలో తెలిస్తే చాలు. ఈ నీళ్లు కదలవు. మనిషి ఎంత తోసుకుంటే అంతే ముందుకు వెళతాడు. పైగా బ్లీచింగుకి కళ్లు మండాయి. ఆ రాత్రి సత్తియ్య, "ఆసుపత్రి వాసనొస్తున్నావే" అన్నాడు. అయినా మర్నాడు వెళ్లింది. రోజుకూలీ కింద పెట్టుకున్నారు. ఉదయం గట్లు కడగడం, సాయంత్రం ఆడవాళ్ల గంట.

మొదట్లో వచ్చింది వేళ్ల మీద లెక్కపెట్టేటంత మంది. పాత పంజాబీ డ్రెస్సుల్లో దిగేవారు, కొందరు చీరతోనే దిగేవారు. గట్టు పక్కనున్న ఇనుప గొట్టం పట్టుకుని నిలబడి, ఆ గంటా అక్కడే కబుర్లాడి ఎక్కేసేవారు. పాపాయి వాళ్లని తొందరపెట్టలేదు. కబుర్లు అయ్యేదాకా ఆగి, ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, "మొహం ఒకసారి ముంచి బుడగలు ఊదండమ్మా, మీ పిల్లలు గ్లాసులో ఊదుతారు చూడండి, అలాగ" అనేది. అక్కడ మొదలు.

వాళ్లలో సూర్యకళ ఒకరు. హైస్కూల్లో లెక్కల టీచరు. కాన్పు తర్వాత పట్టుకున్న నడుం నొప్పి ఎన్ని మందులకీ తగ్గకపోతే, డాక్టరు ఈత మంచిదన్నాడని వచ్చింది. క్లాసులో ఆమె గొంతు వింటే వరండా చివరి పిల్లలు కూడా కూర్చునేవారని పేరు. నీళ్లలో మాత్రం గొట్టం వదలడానికి భయపడింది. పాపాయి ఆమె వీపు కింద అరచేయి పెట్టింది.

"ఆకాశం చూడండి టీచరుగారూ. కాళ్ల సంగతి నాకొదిలేయండి."

"మునిగితే?"

"మునిగితే లేపుతానండి. అందుకే కదండీ నన్ను పెట్టుకున్నారు."

నెల తిరిగేసరికి సూర్యకళ వెల్లకిలా తేలింది. ఆ వర్షాకాలం దాటేలోగా లోతు తక్కువున్న మెరక వైపు అడ్డంగా ఈదింది. ఈదిన రోజున గట్టెక్కి, తడి బట్టలతోనే కూర్చుని జుట్టు పిండుకుంది. తర్వాత, "నడుం నొప్పి మాట మర్చిపోయాను పాపాయమ్మా, ఇప్పుడు నువ్వడిగితే గుర్తొచ్చింది" అంది. పాపాయి అడగనే లేదు. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆ తర్వాత పదేళ్లకు పైగా సూర్యకళ ఆ గంట తప్పలేదు. ఆమె కూతురు దుర్గాశ్రీ బడికి వెళ్లడం మొదలుపెట్టిన ఏడే పూల్లోకీ దిగింది. ఆడవాళ్ల గుంపు పెరిగింది. బ్యాంకులో చేసేవాళ్లు, డాక్టరు గారి కోడళ్లు, రైసుమిల్లుల వాళ్ల ఆడపిల్లలు. పాపాయి గట్టు మధ్యలో నిలబడి తలలు లెక్కపెట్టుకుంటూ ఉండేది. పిల్లల్ని వేలు పెట్టి లెక్కపెట్టకూడదని ఆమె నమ్మకం. అందుకని చేతులు వెనక్కి కట్టుకుని, పెదవి కదలకుండా లెక్కపెట్టేది. ఎవరైనా పలకరిస్తే లెక్క పూర్తయ్యాకే జవాబు చెప్పేది.

తొంభై ఆరు నవంబరు తుపానులో స్టేడియం గేటు దగ్గరి నిద్రగన్నేరు చెట్టు వేళ్లతో సహా లేచి ప్రహరీ మీద పడింది. కొమ్మలు పూల్లో పడ్డాయి, మాను లోతు వైపు అంచు మీద వాలింది. చెట్టు కోయించారు, పగిలినచోట సిమెంటు పూశారు. పైకి బాగానే కనిపించింది. కానీ ఆ మరుసటి వేసవి నుంచి నీళ్లు నిలవడం మానేశాయి. సాయంత్రం నింపితే తెల్లారేసరికి పైవరస పలకలు బయటపడేవి. వేసవిలో వీధుల్లో ఆడవాళ్లు కుళాయిల దగ్గర బిందెలు వరసపెట్టి కూర్చునేవారు. అప్పుడు పూల్‌కి నీళ్లు పెడుతుంటే జనం ఊరుకోలేదు. నీళ్లు మార్చడం తగ్గించారు. వడకట్టే మోటారు పాతది, బాగుచేసిన కొద్దీ ఆగిపోయేది. నీళ్లు పచ్చబడితే బ్లీచింగు, అది చాలకపోతే పటిక. పుష్కరాలకి ఊరంతా రంగులు వేసినప్పుడు పూల్ ప్రహరీకి కూడా వేశారు. లోపల ఏమీ చెయ్యలేదు.

మున్సిపాలిటీలో అప్పటి అసిస్టెంట్ ఇంజనీరు లోవరాజు చెడ్డవాడు కాదు. పాపాయి వెళ్లి నీళ్లు తీసేసి పగుళ్లు పూడ్పించండి అంటే కూర్చోబెట్టి చెప్పాడు.

"మన డెల్టాలో మూరెడు తవ్వితే నీళ్లు కదమ్మా. కాలువల్లో నీళ్లున్న రోజుల్లో పూల్ ఖాళీ చేశామంటే, కిందున్న నీళ్లు అడుగుని పైకి తంతాయి."

"ఖాళీ పడవ తేలినట్టండి."

"సరిగ్గా అంతే. వేసవిలో కాలువలకి నీళ్లు కట్టేసినప్పుడే చెయ్యాలి. చేసినా అతుకులే. మొత్తం కొత్తగా కడితే తప్ప లాభం లేదు."

కొత్తగా కట్టడానికి మున్సిపాలిటీ దగ్గర స్తోమత లేదు.

రెండు వేల నాలుగు మే నెల. బడులకి సెలవులు కావడంతో ఆడవాళ్ల గంటలో పిల్లల సందడి ఎక్కువగా ఉంది. ఆ రోజు నీళ్లు బియ్యం కడిగిన నీళ్లలా ఉన్నాయి. ముందురోజు వేసిన పటిక ఇంకా పేరుకోలేదు. పాపాయి తలలు లెక్కపెట్టింది. ఒకటి తక్కువ వచ్చింది. మళ్లీ లెక్కపెట్టింది. బట్టలు మార్చుకునే గదిలోకి కేక వేసింది, ఎవరూ పలకలేదు. సూర్యకళ మెరక వైపు ఎవరికో చేతులు ఎలా కదపాలో చూపిస్తోంది. దుర్గాశ్రీ ఆమె దగ్గర లేదు.

పాపాయి లోతు వైపు దూకింది. కళ్లు తెరిచింది గానీ తన చేతులు తనకే కనిపించలేదు. అడుగంటా చేతులతో తడిమింది. ఊపిరి అందక పైకి వచ్చి, మళ్లీ మునగబోతూ కాళ్లు విదిలించింది. మడమకి ఏదో తగిలింది. మెత్తగా, జుట్టులా. వంగి పట్టుకుని లాగింది.

పిల్లని గట్టు మీద బోర్లా పడుకోబెట్టి వీపు నొక్కారు. నీళ్లు కక్కింది. దగ్గింది. తర్వాత గట్టిగా ఏడ్చింది. దూకినప్పుడు అడుగున పలక ఊడిన చోట కాలు బెణికి, భయానికి నీళ్లు మింగేసిందని ఆ పిల్లే తర్వాత చెప్పింది. డాక్టరు చూసి ఒక రాత్రి ఉంచుకుని పంపించేశాడు.

మూడోనాడు సూర్యకళ రేవు వీధికి వచ్చింది. పాపాయికి పసుపు కుంకుమలతో చీర పెట్టి, కాళ్లకి దండం పెట్టబోయింది. పాపాయి వెనక్కి జరిగింది. "తప్పండి టీచరుగారూ, మీరు చదువు చెప్పే మనిషి" అంది. ఇంకో మాట కూడా అనబోయింది. సూర్యకళ అప్పటికే వీధిలోని ఆడవాళ్లకి చెబుతోంది. "అంతమంది పిల్లలున్నారండి. అన్ని తలల్లో ఒక్క తల తగ్గిందని పట్టుకుంది. ఆ మురికి నీళ్లలో కూడా పిల్ల ఎక్కడుందో చూసేసింది. డేగ కళ్లండి ఈవిడవి!"

పాపాయి చీర తీసుకుంది. లోపల పెట్టెలో పెట్టింది. ఆ సాయంత్రం పూల్‌కి వెళ్లి లోతు వైపుకి అడ్డంగా తాడు కట్టేసింది. ఇటే ఉండండమ్మా, అటు పలకలు ఊడాయి అని చెప్పింది. మెరక వైపు కూడా ఎవరైనా మునిగి లేవడం కాస్త ఆలస్యమైతే ఆమె దిగిపోయేది. మునుపు అలా ఉండేది కాదు. "పాపాయమ్మకి పెద్దతనం వచ్చేసింది, చాదస్తం" అని నవ్వుకున్నారు.

ఆ ఏడు చివర్లో లోవరాజు ఒక ప్రతిపాదన తయారుచేశాడు. పాత పూల్‌ని ఇసుకతో పూడ్చి, పైన గచ్చు చేస్తారు. గచ్చులోంచి, పక్కన నిలబెట్టిన గొట్టాల్లోంచి నీళ్లు చిమ్ముతాయి, పైనుంచి జల్లులా పడతాయి. పడిన నీళ్లు జల్లెడల్లోంచి తొట్టిలోకి వెళ్లి, శుభ్రమై మళ్లీ పైకి వస్తాయి. ఎక్కడా నిలవవు. అందులో మునగడానికి ఏమీ ఉండదు. దీన్ని స్ప్లాష్ ప్యాడ్ అంటారని కంపెనీవాళ్లు ఇచ్చిన రంగుల బొమ్మలు చూపించాడు.

పూల్ ఆడవాళ్లు ఒప్పుకోలేదు. ఉన్నదాన్ని బాగుచెయ్యమన్నారు. ముందుండి నడిపింది సూర్యకళే. ఇంటింటికీ తిరిగి, కౌన్సిల్ మీటింగు రోజుకి హాలు వెనక బెంచీలు నిండేటంత మందిని తీసుకొచ్చింది. పాపాయిని కూడా రమ్మంది. పాపాయి వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

సూర్యకళ లేచి బాగా మాట్లాడింది. ఆడపిల్లలకి ఈ ఊళ్లో ఆడుకునే చోటు ఇంకొకటి చూపించండి అంది. పిల్లలు నీళ్లు చల్లుకోవడం వేరు, ఈత నేర్చుకోవడం వేరు అంది. నదీ కాలువలూ పెట్టుకుని ఈత నేర్పని ఊరు ఊరేనా అంది. సభ్యులు తలలూపారు. చివర్లో ఆమె తన కూతురి సంగతి చెప్పింది.

"ప్రమాదం ప్రమాదం అంటున్నారు. నా కూతురే మునిగిందండి. నేనే చెబుతున్నాను. పూల్ పాతదైనా కాపలా గట్టిదైతే భయం లేదు. అదిగో, తలుపు దగ్గర నిలబడింది. ఆ నీళ్లలో కూడా నా పిల్లని చూసి తీసింది. ఆవిడ ఉన్నంతకాలం ఆ పూల్లో ఎవరికీ ఏమీ కాదు."

అందరూ తలుపు వైపు తిరిగారు. చైర్‌పర్సన్ గారు, "రామ్మా, ముందుకి రా. నువ్వేమంటావు?" అని అడిగింది.

పాపాయి రెండడుగులు ముందుకి వేసి ఆగింది.

"నేను చూళ్లేదండి" అంది.

"ఏంటమ్మా?"

"పాపని నేను చూళ్లేదండి. నీళ్లలో ఏమీ కనబళ్లేదు. తడుముకున్నానండి, దొరకలేదు. పైకొచ్చి కాలు విదిలిస్తే మడమకి తగిలింది. తగిలింది కాబట్టి తీశాను. అటు పక్క విదిలించి ఉంటే తగిలేది కాదండి."

సూర్యకళ ఇంకా నిలబడే ఉంది.

"మరి పూల్ ఉంచాలా, వద్దా?" చైర్‌పర్సన్ గారు మెల్లగా అడిగింది.

"కొత్తది కడితే మంచిదేనండి. ఇదే ఉంచేటట్టయితే మూసెయ్యండి. అడుగు కనబడని నీళ్లకి నేను కాపలా ఉండలేనండి. ఉన్నానని పిల్లల్ని పంపుతారు."

ఆ చివరి మాట ఆమె మామూలు గొంతుతోనే అంది. తర్వాత ఏం చెయ్యాలో తెలియక మళ్లీ తలుపు దగ్గరికి వెళ్లి నిలబడింది. పూల్ పూడ్చే తీర్మానం ఆ రోజే అయిపోయింది. కొత్త పూల్ సంగతి వీలునుబట్టి చూద్దామన్నారు.

మెట్ల దగ్గర సూర్యకళ ఆమె కోసం ఆగింది.

"నాకెందుకు చెప్పలేదు పాపాయమ్మా?"

"మీ ఇంటికి వద్దామనే అనుకున్నానండి. మీరే వచ్చేశారు. అంత సంబరంగా చెబుతుంటే నోరు రాలేదండి."

"ఏడు నెలలు. ఈ ఏడు నెలలూ నా కూతుర్ని రోజూ పంపించాను."

"తాడు కట్టానండి."

"తాడు కట్టావు, కారణం చెప్పలేదు" అంది సూర్యకళ. రిక్షా పిలిచి వెళ్లిపోయింది. మిగతా ఆడవాళ్లు పాపాయితో మాట్లాడలేదు. మాట్లాడిన ఒకరిద్దరు కూడా, "మా అందరి నోట్లో మట్టికొట్టావు కదా" అనే అన్నారు.

ఇంటి దగ్గర సత్తియ్య విషయం విని, "నీ పని నువ్వే ఊడగొట్టుకున్నావన్నమాట" అన్నాడు. "ఆయ్" అని ఒప్పుకుంది. అంతకుమించి ఆ ఇంట్లో దాని గురించి మాటలు జరగలేదు.

ఏప్రిల్లో కాలువలు కట్టేశాక పూల్ ఖాళీ చేశారు. అడుగున తలపిన్నులు, ఒక వెండి పట్టీ, పిల్లల కళ్లజోళ్లు, ఊడిన పలకలు దొరికాయి. లోతు వైపు అడుగున అరచేయి దూరేటంత నెర్ర కనిపించింది. చూడ్డానికి చాలామంది వచ్చారు. సూర్యకళ రాలేదు. తర్వాత ఇసుక లారీలు వచ్చాయి. గోదావరి ఇసుకే. లారీ వెనక్కి వచ్చి గట్టు దగ్గర ఆగడం, ఇసుక జారడం పాపాయి ప్రహరీ నీడలో నిలబడి చూసేది. ఇసుక మెరక వైపు గట్టు అంచు దాకా వచ్చిన రోజున ఇంటికి వెళ్లి, పట్టపగలు పడుకుని సాయంత్రం దాకా లేవలేదు. ఒంట్లో బాగాలేదేమోనని కోడలు వీరవేణి నుదురు తాకి చూసింది.

రెండు వేల ఆరు వేసవికి కొత్తది తెరిచారు. స్ప్లాష్ ప్యాడ్ అన్న మాట బోర్డు మీదే ఉండిపోయింది. జనం వాన గచ్చు అన్నారు. పాపాయిని అక్కడే ఉంచారు. చెప్పులు బయట విడిపించాలి, వాల్వు తిప్పాలి, పిల్లలు పరుగెత్తితే ఈల వెయ్యాలి. కరెంటు పోతే జల్లు ఆగిపోయేది. పిల్లలంతా ఒక్కసారి ఓ అని అరిచి, వచ్చేదాకా తడి గచ్చు మీద జారుడాట ఆడేవారు. ఆమెకి మొదట ఆ పని నచ్చలేదు. "తాగడానికా కాదు, ఈదడానికా కాదు. ఎందుకీ నీళ్లు?" అని లోవరాజుతోనే అంది. అతను నవ్వేశాడు. పాపాయి తలలు లెక్కపెట్టడం మాత్రం మానలేదు. అక్కడ లెక్కతో పనిలేదని ఆమెకీ తెలుసు.

తెరిచిన మొదటి ఆదివారమే వీరవేణి వచ్చింది. చంకలో చిన్నది, చెయ్యి పట్టుకుని పెద్దది, వెనక రేవు వీధి ఆడవాళ్లు ఇంకా చాలామంది. చీరలు మోకాళ్ల దాకా ఎత్తి కట్టుకుని గచ్చు మీదకి వెళ్లారు. చంటిపిల్లల్ని జల్లు కింద పట్టారు, తామూ నిలబడ్డారు. వీరవేణి జుట్టు విప్పేసి, మొహం పైకెత్తి నిలబడి పకపకా నవ్వింది. ఆ పిల్ల అలా నవ్వడం పాపాయి తన ఇంట్లో చూడలేదు.

ఎండ దిగాక వీరవేణి వచ్చి అత్త పక్కన గట్టు మీద కూర్చుని కొంగు పిండుకుంది.

"బాగుందత్తా. రోజూ రావచ్చా?"

"రావచ్చు. ఇన్నేళ్లూ పూల్ ఉంది కదే, అప్పుడెప్పుడూ రాలేదేం?"

"అది ఆఫీసర్ల ఆడవాళ్లదనుకున్నాం" అంది వీరవేణి. కాసేపాగి, "నువ్వూ ఎప్పుడూ రమ్మన్లేదు" అంది.

నిష్ఠూరంగా అనలేదు. కొంగు పిండుకుంటూనే అంది. కోడలు మెట్ట ఊరి పిల్ల. నీళ్లంటే భయం, గోదావరి గట్టున కాపురం పెట్టి పదేళ్లయినా రేవులో మోకాలు లోతు దాటి దిగలేదు. మనవరాళ్లకీ ఈత రాదు. వలలు పోయి, పడవలు పోయి, వీధిలో మగవాళ్లు తాపీ పనులకీ ఆటోలకీ వెళ్లిపోయాక పిల్లల్ని నదిలోకి తీసుకెళ్లేవాళ్లే లేరు. ఆ వీధిలో ఈత రాని ఆడపిల్లలు ఒక తరం పెరిగిపోయారు. ఊళ్లో బ్యాంకు వాళ్లకీ డాక్టర్ల కోడళ్లకీ ఈత నేర్పిన మనిషి ఆ సంగతి అప్పుడు గమనించింది. గేటు దగ్గర టిక్కెట్టు ఉండేది నిజమే. తను అడిగితే ఒకరిద్దరిని ఊరికే వదిలేవారు. అడగాలని ఆమెకి తోచలేదు. పూల్ ఆమె మనసులో కూడా అమ్మగార్లదే.

సూర్యకళ ఆ ఏడు శీతాకాలంలో వచ్చింది. ఒకే ఊళ్లో ఉంటూ రెండేళ్లు కలవకుండా ఉండడం కష్టం, అయినా వాళ్లిద్దరూ అలాగే ఉన్నారు. జల్లు ఆపేసి గచ్చు కడుగుతున్న వేళ సూర్యకళ గేటు తీసుకుని లోపలికి వచ్చి బెంచీ మీద కూర్చుంది. కాస్త లావైంది. మళ్లీ నడుం పట్టీ కట్టుకుంటోందని చీర మీద నుంచి తెలుస్తోంది.

"దుర్గకి చెప్పాను పాపాయమ్మా, నువ్వు హాల్లో చెప్పిందంతా" అంది. "ఇంతకాలం చెప్పకుండా దాచాను. విని అదేమందో తెలుసా? నాకు తెలుసమ్మా, నెత్తి మీద తన్నింది, బొప్పి కట్టింది అంది. బొప్పి చూసి నేను గోడ తగిలిందనుకున్నాను."

పాపాయి చీపురు పక్కన పెట్టింది. "గట్టిగా తగిలిందాండీ?" అని అడిగింది.

సూర్యకళ నవ్వబోయి ఏడ్చింది. ఏడుస్తూనే, నేనైతే ఆ హాల్లో అంతమంది ముందు ఆ మాట చెప్పేదాన్ని కాదు అంది. పాపాయి పక్కన కూర్చుంది. బెంచీ తడిగా ఉందని ఇద్దరికీ అప్పుడు గుర్తొచ్చింది గానీ లేవలేదు.

రాజమండ్రి రోడ్డులో కొత్తగా వచ్చిన ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్లు హాస్టలు పిల్లల కోసం పూల్ కట్టారు. సూర్యకళ దగ్గర చదువుకున్న ఒకతను అందులో పనిచేస్తున్నాడు. ఆదివారాలు ఆడపిల్లలకి నేర్పడానికి మనిషి కావాలన్నారని ఆమె పాపాయికి చెప్పింది. పాపాయి వెంటనే ఒప్పుకోలేదు. ముందు వెళ్లి నీళ్లు చూసొస్తానంది. ఇద్దరూ బస్సెక్కి వెళ్లారు. పాపాయి గట్టు మీద వంగి, చేతిలో ఉన్న రూపాయి బిళ్ల లోతు వైపు వేసింది. అది అడుక్కి చేరి, అక్కడ బొమ్మో బొరుసో చెప్పగలిగేటంత స్పష్టంగా కనిపించింది. అప్పుడు, పక్కనే ఉన్న హాస్టలు వార్డెన్ గారితో, "వస్తానండి. మా వీధి పిల్లలు కూడా వస్తారండి నాతో" అంది.

వార్డెన్ ఇబ్బందిగా చూసింది. బయటి పిల్లల్ని రానివ్వడం కుదరదేమో అంది. సూర్యకళ ఏదో అనబోతే పాపాయి ఆపింది.

"కుదరకపోతే పర్లేదండి. నేనూ రాను."

దాని మీద వాళ్లు పది రోజులు ఆలోచించారు. చివరికి హాస్టలు పిల్లలు ఎక్కేశాక ఒక అరగంట ఇచ్చారు. వేసవి వరకే అన్నారు. వేసవి అయ్యాక ఎవరూ ఆపలేదు, ఎవరూ పొడిగించలేదు, అది అలా నడిచింది. వీరవేణిని కూడా రమ్మంది పాపాయి. ఈసారి నోరు తెరిచి, రెండుసార్లు అడిగింది. వీరవేణి ఒక ఆదివారం వచ్చి, మెట్ల మీద కూర్చుని పాదాలు ముంచి, "నాకు వాన గచ్చు చాల్లే అత్తా, పిల్లలకి నేర్పు" అంది. పాపాయి సరేనంది. సూర్యకళ హాస్టలు పిల్లలతో పాటే దిగేది. మొదటి రోజు సగం దూరం వెళ్లి గట్టు పట్టుకుంది. తర్వాత నెలకి అవతలి గట్టు చేరింది.

వారమంతా వాన గచ్చు, ఆదివారం కాలేజీ. మోకాళ్లు నొప్పులని రెండు వేల తొమ్మిదిలో వాన గచ్చు పని మానేసింది. ఆదివారాలు మానలేదు. ఆదివారం పదకొండింటికి కాలేజీ స్టాపులో రేవు వీధి ఆడపిల్లలు తడి జడలతో బస్సెక్కేవారు. సీట్లు తడిసిపోతున్నాయని కండక్టరు ప్రతిసారీ గోల పెట్టేవాడు. పాపాయి అతనితో వాదన పెట్టుకునేది కాదు. "లేవండే, లేవండి. గాలికి ఆరతారు" అని పిల్లల్ని లేపి, తను మాత్రం కిటికీ పక్కన కూర్చునేది. పిల్లలు కమ్మీలు పట్టుకుని, ఒకరి మీద ఒకరు పడుతూ, నిలబడే ఊరికి వచ్చేవారు.